ఫాలిజ్ పడితే ఏ ఆసుపత్రికి? ఎన్ని గంటల్లో?

మన ఇళ్లలో పక్షవాతానికి రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఒకటి ఫాలిజ్, రెండోది లఖ్వా. యునానీ హకీములు ఈ రెంటినీ వేర్వేరు జబ్బులుగానే చెబుతారు. మూతి మాత్రమే ఒక పక్కకు వంకరపోతే లఖ్వా. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతే ఫాలిజ్. జనం నోట మాత్రం రెండూ ఒక్కటైపోయాయి. మూతి వంకర కనబడగానే "లఖ్వా కొట్టింది" అంటారు. వెంటనే ఎవరో ఒకరు అడవి పావురం కోసం బయలుదేరతారు. ముఖపు నరం వాచి వచ్చే లఖ్వా చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. పావురానికి పేరు వచ్చింది అలాగే. మెదడులోని రక్తనాళం మూసుకుపోయి వచ్చే ఫాలిజ్ సంగతి అది కాదు. అక్కడ వారాలు లేవు, గంటలే ఉన్నాయి.

ఎన్ని గంటలన్నది ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం. మనం రాష్ట్రానికి ఒక చివర ఉన్నాం. పెద్దాసుపత్రి మనకు పక్క వీధిలో లేదు.

జబ్బు తీరు ముందు చూద్దాం. పక్షవాతం రెండు రకాలు. నాళం చిట్లి మెదడులో రక్తం కారడం ఒకటి, నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడి రక్తం అందకపోవడం మరొకటి. రెండోదే ఎక్కువమందికి వస్తుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఎంత అనుభవమున్న వైద్యుడైనా చెయ్యి పట్టి చూసి ఇది ఫలానా అని తేల్చలేడు. సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్క కట్టారు. మనం చాయ్ తాగి, ఫోన్లు చేసి, ఆటో మాట్లాడుకునే అరగంటలో ఎంత నష్టమో పాఠకులే గుణించుకోవచ్చు.

గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి నేడు రెండు చికిత్సలున్నాయి. మొదటిది గడ్డను కరిగించే సూది. ఆల్టెప్లేస్ అనే మందు 1996 నుంచి అమెరికాలో పక్షవాతానికి వాడుకలో ఉంది. దాని తరువాత వచ్చిన టెనెక్టెప్లేస్ మన దేశంలోనూ తయారవుతోంది. ఆల్టెప్లేస్‌ను గంటసేపు ఎక్కించాలి. టెనెక్టెప్లేస్ కొన్ని సెకన్లలో ఇచ్చే ఒక్క సూది. ఏదైనా జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ సీటీ స్కానులో రక్తస్రావం లేదని తేలాకే. రక్తం కారుతున్న మెదడుకు ఈ సూది పడితే ప్రాణానికే ప్రమాదం.

అయితే మెదడుకు వెళ్లే పెద్ద నాళంలో పెద్ద గడ్డ పడితే సూది మందుకు అది చాలాసార్లు లొంగదు. అక్కడ పనికివచ్చేది రెండో చికిత్స. దీన్ని థ్రాంబెక్టమీ అంటారు. తొడ మొదట్లోని రక్తనాళంలోంచి, కొన్నిచోట్ల మణికట్టు దగ్గర నుంచి, సన్నని గొట్టం పంపిస్తారు. ఎక్స్‌రే తెరమీద చూస్తూ గుండె పక్కగా, మెడ మీదుగా మెదడు నాళం వరకు తీసుకుపోతారు. గొట్టంలోంచి వెళ్లిన చిన్న తీగ వల గడ్డ దగ్గర విచ్చుకుంటుంది. గడ్డ వలలో చిక్కుతుంది. అప్పుడు వలను మెల్లగా వెనక్కి లాగుతారు. గడ్డను గొట్టంతో పీల్చి తీసే పద్ధతి కూడా ఉంది. పుర్రె కోయడం ఉండదు. ఇది మామూలుగా ఆరు గంటల్లోపు చేయవలసిన పని. కొందరికి ప్రత్యేక స్కాన్ తీసి, ఇంకా బతికి ఉన్న మెదడు భాగం తగినంత ఉందని తేలితే 24 గంటల వరకూ చేయవచ్చని 2018లో వెలువడిన పరీక్షల్లో రుజువైంది. ఈ "24 గంటలు" అన్న మాట విని స్థిమితపడేవారున్నారు. అది కొందరికే వర్తిస్తుంది, ఆ కొందరెవరో ఇంట్లో కూర్చుంటే తెలియదు.

ఇంత ఖరీదైన వైద్యం గొప్ప దేశాలకే గాని మన సర్కారు ఆసుపత్రులకు ఎక్కడిది అని చదువుకున్నవారు కూడా అంటారు. ఆ మాటకు జవాబు బ్రెజిల్ దేశం నుంచి వచ్చింది.

థ్రాంబెక్టమీ మేలు చేస్తుందని మొదట గట్టిగా తేల్చింది నెదర్లాండ్స్. అక్కడ 500 మంది రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. అదే ఏడాది మరికొన్ని దేశాల పరీక్షలూ దాన్నే బలపరిచాయి. అవన్నీ సంపన్న దేశాల ఆసుపత్రులు. అంబులెన్సు నిమిషాల్లో వస్తుంది, స్కాన్ గది సిద్ధంగా ఉంటుంది. జనం కిక్కిరిసిన ప్రభుత్వ ఆసుపత్రిలో అదే ఫలితం వస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. బ్రెజిల్ వైద్యులు ఆ సందేహాన్ని నోటిమాటతో కొట్టిపారేయలేదు, పరీక్షించారు. 12 ప్రభుత్వ ఆసుపత్రుల్లో, జబ్బు మొదలై ఎనిమిది గంటలు దాటని 221 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి మామూలు వైద్యం, రెండో వర్గానికి దానితోపాటు థ్రాంబెక్టమీ. రెసిలియెంట్ అని పేరు పెట్టిన ఈ పరీక్షలో 690 మందిని చేర్చాలని మొదట అనుకున్నారు. మధ్యలో లెక్క చూస్తే మేలు స్పష్టంగా కనబడింది. అందుకే అక్కడితో ఆపారు. ఫలితాలు 2020లో ప్రచురించారు.

మూడు నెలల తరువాత ఒకరి సాయం లేకుండా తమ పనులు తాము చేసుకోగలిగినవారు థ్రాంబెక్టమీ వర్గంలో నూటికి 35 మంది, మామూలు వైద్యం వర్గంలో 20 మంది. నెదర్లాండ్స్ పరీక్షలో ఇవే అంకెలు 33, 19. అంటే సంపన్న దేశపు ఆసుపత్రిలో దక్కిన మేలే బ్రెజిల్ సర్కారు ఆసుపత్రిలోనూ దక్కింది. స్కానులో మాత్రమే కనబడే చిన్న రక్తస్రావాలు థ్రాంబెక్టమీ వర్గంలో ఎక్కువే. రోగి పరిస్థితిని దిగజార్చిన రక్తస్రావం మాత్రం రెండు వర్గాల్లోనూ సమానం.

ఈ అంకెలను సరిగ్గా చదవాలి. చికిత్స పొందిన వందమందిలో 65 మంది మళ్లీ పూర్తిగా తమ కాళ్ల మీద తాము నిలబడలేదు. ఇది మంత్రదండం కాదు. కానీ ఆ అదనపు 15 మంది ఎవరో ఊహించండి. ఒకరు మళ్లీ దుకాణం తెరుస్తారు. ఒకరు తానే లోటా పట్టుకుని వజూ చేసుకుంటారు. ఒకరి భార్య జీతానికి మనిషిని పెట్టుకునే స్తోమత లేక పదేళ్లు మంచం పక్కన కూర్చోవలసిన పని తప్పుతుంది. కూలీనాలీ చేసుకునే ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇద్దరి సంపాదన పోతుంది. పడినవారిదొకటి, చూసుకునేవారిదొకటి.

మరొక సంగతి. ఆ 12 ఆసుపత్రులు మారుమూల ఊళ్ల చిన్న దవాఖానాలు కావు. శిక్షణ పొందిన బృందం, ఎక్స్‌రే తెర ఉన్న క్యాథ్ ల్యాబ్, రాత్రింబగళ్లు స్కాన్ ఉన్న పెద్దాసుపత్రులు. సర్కారువి, పేదలు వెళ్లేవి, కానీ సిద్ధపడినవి. కాబట్టి ఇచ్ఛాపురం ఆసుపత్రిలో థ్రాంబెక్టమీ పెట్టాలని మేము అడగడం లేదు. అలా అడగడం వల్ల అందరి కాలమూ వృథా. పక్షవాతం వచ్చిన ప్రతివారికీ ఈ చికిత్స అవసరం కూడా ఉండదు. పెద్ద నాళం మూసుకుపోయి దీనికి తగినవారు సుమారుగా పదిమందిలో ఒకరు. ఆ ఒక్కరు సమయానికి పెద్దాసుపత్రి చేరేలా దారి ఉందా అన్నదే ప్రశ్న. 67 దేశాల్లో సేకరించిన వివరాలను 2023లో ప్రచురించారు. ఈ చికిత్స అవసరమైనవారిలో దాన్ని పొందగలుగుతున్నవారు సగటు దేశంలో నూటికి ముగ్గురు కూడా లేరు. మిగతా 97 మందికి చికిత్స కనిపెట్టనట్టే లెక్క.

ఇక మన దారి లెక్క. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం సుమారు 130 కిలోమీటర్లు. విశాఖపట్నం సుమారు 240. జాతీయ రహదారి బాగానే ఉన్నా విశాఖ చేరడానికి నాలుగు, ఐదు గంటలు పడుతుంది. అంటే ఇంట్లో ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా బయలుదేరినా, సూది మందు గడువైన నాలుగున్నర గంటలు దారిలోనే తీరిపోవచ్చు. థ్రాంబెక్టమీ చేసే బృందాలు మన వైపు విశాఖలో, అటు భువనేశ్వర్‌లో, అలాంటి పెద్ద నగరాల్లోనే ఉంటాయి. మరి దగ్గరగా ఏముంది? ఉత్తరాన పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బరంపురం ఉంది. అక్కడ ఒడిశా ప్రభుత్వపు ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పెళ్లి బట్టలకు బరంపురం వెళ్లేవాళ్లం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు రాష్ట్రం సరిహద్దు గుర్తు తెచ్చుకుంటాం! ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి వైపువారికి తొలి సీటీ స్కాన్ ఎక్కడ త్వరగా దొరుకుతుందన్నది ఒక లెక్క, పలాస, టెక్కలి వారికి మరో లెక్క. అందరూ విశాఖ వైపే పరుగెత్తడం సరికాదు.

చిక్కల్లా ఏమిటంటే రాష్ట్రం సరిహద్దు రోగికి లేకపోయినా కార్డులకు ఉంది. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్నది మన రాష్ట్ర పథకం. ఆయుష్మాన్ భారత్ కార్డు మాత్రం రాష్ట్రం మారినా చెల్లాలన్నది ఆ పథకం నియమం, ఒడిశా కూడా 2025లో అందులో చేరింది. మన ఇంట్లో ఏ కార్డు ఉంది, ఏ ఆసుపత్రి దాన్ని పక్షవాతానికి ఒప్పుకుంటుంది అన్నది జబ్బు రాకముందే వెళ్లి అడిగి తెలుసుకోవలసిన విషయం. ప్రైవేటులో థ్రాంబెక్టమీ ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందులో పెద్ద భాగం విదేశాల నుంచి వచ్చే ఆ తీగ వలదే. మన దేశ రోగుల మీద పరీక్షించిన సూపర్‌నోవా అనే వలకు 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ధర తగ్గితే సర్కారు ఆసుపత్రుల చేతికి అందుతుంది.

ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా ఉంది. హిమాచల్ ప్రదేశ్ మన ఉద్దానం కన్నా కష్టమైన దారులున్న కొండ రాష్ట్రం. నాడీ వైద్య నిపుణులు అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2014లో వాళ్లొక ఏర్పాటు చేసుకున్నారు. సీటీ స్కాన్ ఉన్న జిల్లా ఆసుపత్రుల్లో మామూలు వైద్యులకు శిక్షణ ఇచ్చారు. పక్షవాతం రోగి రాగానే స్కాన్ తీసి, ఫోను ద్వారా పెద్దాసుపత్రి నిపుణుడికి పంపుతారు. ఆయన సరేనంటే అక్కడికక్కడే ఉచితంగా సూది ఇస్తారు. మన రాష్ట్రంలోనే గుండెపోటుకు ఇలాంటి పద్ధతి 2023లో ప్రారంభమైంది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి వైద్యుడి సలహాతో టెనెక్టెప్లేస్ ఇస్తారు. మందు అదే జాతిది. తేడా ఒక్కటే, గుండెకు ఈసీజీ చాలు, మెదడుకు సీటీ స్కాన్ కావాలి. టెక్కలిలో, పలాసలో సీటీ యంత్రం ఉండటం ఒక ఎత్తు. రాత్రి రెండు గంటలకు దాన్ని నడిపే మనిషి ఉండటం ఒక ఎత్తు. స్కాన్ చూసి జవాబిచ్చే నిపుణుడు ఫోనుకు అందడం మరో ఎత్తు. మూడూ కలిస్తేనే సూది పడుతుంది. సూది పడ్డాక, పెద్ద గడ్డ అనుకుంటే, ఆగకుండా అదే అంబులెన్సులో విశాఖ పంపవచ్చు. అప్పుడు దారిలో గడిచే గంటలు పూర్తిగా వృథా కావు. మన ప్రజాప్రతినిధులు ఓట్లకు వచ్చినప్పుడు కొత్త భవనం అడగడం మనకు అలవాటు. భవనం కన్నా రాత్రి డ్యూటీ గురించి అడగడం మేలు.

ఉద్దానం వారికి ఇంకొక మెలిక ఉంది. మూత్రపిండాల జబ్బు ఇక్కడ ఎన్ని ఇళ్లను తిన్నదో రాయనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి పక్షవాతం ముప్పు ఇతరుల కన్నా ఎక్కువ. డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. దాని ప్రభావం ఇంకా ఉంటే గడ్డ కరిగించే సూది ఇవ్వడానికి వీలుండదు. అలాంటివారికి మిగిలే దారి చాలాసార్లు థ్రాంబెక్టమీయే. దానికి వాడే రంగు మందు మూత్రపిండాలకు భారం అన్నది నిజమే. మెదడు పోవడమా, మూత్రపిండానికి కొంత భారమా అన్నది వైద్యులు తూచుకుంటారు. ఆ తూకం వేయాలంటే వారికి సంగతి తెలియాలి. కిడ్నీ జబ్బు ఉందని చెబితే చికిత్స నిరాకరిస్తారని దాచిపెట్టే కుటుంబాలున్నాయి. దాచడం వల్లనే కీడు. చివరి డయాలసిస్ ఏ రోజు, ఏ గంటకు అన్నది మొదటి నిమిషంలోనే చెప్పాలి.

ఇంట్లో జరిగే ఆలస్యం గురించి కాస్త ఎక్కువే రాయవలసి ఉంది. ఎందుకంటే అది మన చేతిలో ఉన్నది.

మాకు తెలిసిన ఒక ఇంట్లో జరిగింది ఇది. అబ్బా ఫజర్ నమాజుకు లేచారు. వజూ చేసుకుంటూ ఉంటే లోటా చేతిలోంచి జారింది. మాట ముద్దగా వచ్చింది. నిద్రమత్తు అనుకుని పడుకోబెట్టారు. సూర్యోదయానికి కాలు కూడా రాలేదు. ఇంట్లో ఉన్నది అమ్మీ, కోడలు. కొడుకు గల్ఫ్‌లో. "మా అబ్బాయితో ఒక్క మాట చెప్పకుండా ఎలా తీసుకుపోతాం?" అని అమ్మీ ఫోను చేస్తూ కూర్చున్నారు. అతను డ్యూటీలో ఉన్నాడు. ఈలోగా ఊరి డాక్టరు వచ్చి బీపీ చూసి నాలుక కింద మాత్ర పెట్టాడు. ఎవరో మంచినీళ్లు తాగించారు, పొరబోయింది. పదింటికి కొడుకు ఫోను ఎత్తి "వెంటనే తీసుకెళ్లండి" అన్నాడు. శ్రీకాకుళం చేరేసరికి జొహర్ దాటిపోయింది. ఆ పెద్దాయన బతికే ఉన్నారు. కుడి చెయ్యి రాలేదు, మాట రాలేదు.

ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అమ్మీ మర్యాద పాటించారు, డాక్టరు తనకు తెలిసింది చేశాడు. కానీ నాలుక కింద మాత్రతో బీపీని అమాంతం దించితే, అసలే రక్తం అందని మెదడుకు ఇంకా తక్కువ అందుతుంది. పక్షవాతంలో బీపీ పెరగడం చాలాసార్లు శరీరం చేసుకునే ప్రయత్నమే. దాన్ని ఎంతవరకు దించాలో ఆసుపత్రివారు చూసుకుంటారు. ఆస్పిరిన్ కూడా ఇంట్లో ఇవ్వకూడదు, అది రక్తస్రావమో కాదో స్కాన్ దాకా తెలియదు కాబట్టి. మింగడం సరిగా లేని మనిషికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జమ్‌జమ్ అయినా సరే, ఆ సమయంలో నోట్లో పోయకూడదు. దువా చదవడానికి ఎవరూ అడ్డు చెప్పరు, అంబులెన్సులో కూర్చుని చదవవచ్చు. షుగరు రోగి అయితే వేలి చుక్కతో చక్కెర చూడటం మంచిది. చక్కెర బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనబడుతుంది.

గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతుందా, దువాకు ఎత్తినట్టు రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారుతుందా, సలాం చెప్పమంటే మాట ముద్దగా వస్తుందా. మూడింటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనబడినా 108కి ఫోను చేయాలి. మూతి ఒక్కటే వంకరపోతే అది లఖ్వా కావచ్చు. తేల్చవలసింది వైద్యుడు, మనం కాదు. గంట తరువాత చెయ్యి దానంతట అదే బాగైనా సరే వెళ్లాలి. అది పెద్ద దెబ్బకు ముందు వచ్చిన హెచ్చరిక కావచ్చు.

నిద్రలోంచి లేచేసరికే పక్షవాతం ఉంటే గడియారం లేచిన వేళ నుంచి కాదు, ఆ మనిషిని ఆఖరిసారి బాగా ఉండగా చూసిన వేళ నుంచి లెక్కిస్తారు. రాత్రి ఇషా తరువాత పదింటికి మాట్లాడి పడుకున్నారా? మధ్యలో ఒంటిగంటకు లేచి నీళ్లు తాగారా? ఒంటిగంటకు బాగున్నారని కోడలు చూసి ఉంటే ఆ మూడు గంటల తేడాతో చికిత్స దక్కవచ్చు. కాబట్టి ఆ సంగతి తెలిసినవారు ఎవరో వారే వెంట వెళ్లాలి. మగవారు వెళ్లాలి కదా అని ఏమీ చూడని మేనల్లుడిని పంపితే వైద్యుడి ప్రశ్నకు జవాబు ఉండదు.

గల్ఫ్‌లో, హైదరాబాద్‌లో, సూరత్‌లో కొడుకులున్న ఇళ్లలో ఈ వారమే ఒక మాట అనుకోవాలి. "అబ్బాకో అమ్మీకో ఇలా అయితే నా ఫోను కోసం ఆగకండి, బయలుదేరాక చెప్పండి" అని కొడుకు ముందే తల్లికీ భార్యకీ చెప్పి ఉంచాలి. ఆ ఒక్క మాటకు ఖర్చు లేదు. మసీదు కమిటీలవారు ఒక పని చేయవచ్చు. తమ ఊరి నుంచి రాత్రివేళ సీటీ స్కాన్ ఏ ఆసుపత్రిలో తీస్తున్నారు, గడ్డ కరిగించే సూది ఎక్కడ ఉంది, థ్రాంబెక్టమీ చేసే దగ్గరి ఆసుపత్రి ఏది అని ఇద్దరు మనుషులు స్వయంగా వెళ్లి అడిగి, పేర్లూ ఫోను నంబర్లూ బోర్డు మీద రాసి పెట్టాలి. వైద్యులు మారుతుంటారు, యంత్రాలు చెడిపోతుంటాయి గనుక ఆరునెలలకొకసారి మళ్లీ అడగాలి. ఆ బోర్డు మన ఇళ్లకే కాదు, వీధిలో అందరికీ పనికివస్తుంది.

ఇంట్లో బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంచుకోండి. రోజూ వేసుకునే మందుల పేర్లు, ముఖ్యంగా రక్తం పలచబడే మందు ఏదైనా ఉంటే దాని పేరు, కిడ్నీ, షుగరు, బీపీ వివరాలు, ఏ కార్డు ఉందో దాని సంఖ్య. మొదటి ఆసుపత్రిలో సూది ఇచ్చి పైకి పంపితే మందు పేరు, మోతాదు, ఇచ్చిన గంట రాయించుకుని, స్కాన్ ఫిల్ముతోపాటు రోగి దగ్గరే ఉంచాలి. అవతలి ఆసుపత్రికి ఫోను చేసి వస్తున్నామని చెప్పమని డాక్టరుగారిని అడిగి, ఆయన చేశాకే బండి కదలనివ్వండి.